గ్రామసభకు వస్తాదును పిలవండి

ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖల మంత్రి శ్రీ కొణిదల పవన్ కళ్యాణ్ గారికి,



చెన్నై సౌకార్‌పేట నుంచి రాస్తున్నాను. మింట్ స్ట్రీట్‌కి ఆనుకున్న ఒక సందులో, పాత ఇంటి మిద్దె మీద, పొద్దున్నే పిల్లలకు సాము నేర్పుతాను. కర్రతో మొదలుపెట్టి, తర్వాత జూడో, ఆ తర్వాత కొంత బాక్సింగ్ చెబుతాను. మా దగ్గరికి తెలుగు పిల్లలూ తమిళ పిల్లలూ మార్వాడీ పిల్లలూ వస్తారు. నా ఓటు మీ రాష్ట్రంలో లేదు. అడగబోయేది మాత్రం మీ రాష్ట్రంలోని ఊళ్ల కోసం.

అదేమిటో ముందే చెప్పేస్తాను. 2024 ఆగస్టు 23న ఒక్కరోజులో 13,326 పంచాయతీల్లో మీరు గ్రామసభలు జరిపించారు. ఇకమీదట జరిగే సభల్లో ఏదో ఒకదానిలో, ఊరి రోడ్డు, ఊరి నీళ్ల సంగతులన్నీ అయ్యాక, ఒక ప్రశ్న అదనంగా అడిగించండి: ఈ ఊళ్లో కర్రసాము, కత్తిసాము, గరిడీ, కుస్తీ తెలిసినవాళ్లు ఎవరున్నారు? ఆ పేర్లు రాయించండి. వాళ్ల ఒంట్లో ఉన్న విద్యను వీడియో తీయించండి. ఆ తర్వాత ఆ వస్తాదులను బడి మైదానానికి తీసుకొచ్చి, పక్కన ఒక జూడో మాస్టారినో బాక్సింగ్ కోచ్‌నో నిలబెట్టి, ఇద్దరి చేతా, ఒకరి తర్వాత ఒకరుగా, ఒకే పిల్లలకు నేర్పించండి.

ఇది క్రీడల శాఖ పని గదా అని ఎవరైనా అడగవచ్చు. ఊరి మైదానం బాగోగులు చూసేది పంచాయతీ. జాతరకు దారి, నీళ్లు, దీపాలు చూసేదీ పంచాయతీయే. కర్రసాముకు ఇప్పటికీ ఊపిరి మిగిలి ఉన్నది ఆ జాతరల్లోనే. అందుకే మీకు రాస్తున్నాను. రెండో కారణం, మీరు స్వయంగా ఈ దారిలో నడిచినవారు. మీరు కరాటే నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, షిహాన్ హుసైనీ గారి దగ్గర. 2025 మార్చి 25న ఆయన కన్నుమూసినప్పుడు మీరు ఇచ్చిన సంతాప ప్రకటనలో ఆ శిక్షణ రోజులను తలుచుకున్నారు. హుసైనీ గారు కరాటే దగ్గరే ఆగినవారు కాదు. తమిళనాడులో ఆధునిక విలువిద్యకు దారి వేసినవారిలో ఆయన పేరు ముందుంటుంది. ఆయన శిష్యులైన మీరు 1999లో ‘తమ్ముడు’ కోసం కిక్ బాక్సింగ్ చేశారు. 2003లో ‘జానీ’కి దర్శకత్వం వహించి అందులో యుద్ధవిద్యలు నేర్పే కోచ్‌గానే నటించారు. 2025లో ‘ఓజీ’లో జపాన్ కత్తి పట్టారు. 2026 జనవరిలో ఆ కత్తివిద్యలోనే, కెంజుత్సులో, మీకు గుర్తింపు దక్కిందని పత్రికల్లో చదివి మా మిద్దె మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. జపాన్ కత్తికి అంత గౌరవం ఇవ్వగల మనిషికి మన ఊరి కర్ర విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మా పేట గురించి ఒక మాట. సౌకార్‌పేట అనగానే వడ్డీ వ్యాపారమూ చీరల హోల్‌సేలూ గుర్తొస్తాయి. ఇది పాత పెద్దనాయకన్‌పేటలో భాగం. 17వ శతాబ్దంలో, కుంపిణీ కోట చుట్టూ ఊరు పెరుగుతున్న రోజుల్లో, ఊరి కావలి బాధ్యత పెద్దనాయకుడి చేతిలో ఉండేది. వంశపారంపర్యంగా వచ్చిన కొలువు అది. ఆయన కింద తలారులు ఉండేవారు. రాత్రి గస్తీ వాళ్లది. దొంగతనం జరిగితే సొమ్ము రాబట్టాలి, రాబట్టలేకపోతే నష్టం పూడ్చాలి. ఆ కొలువు పేరే ఈ పేటకు నిలిచిపోయింది. ఇవాళ కాశీ చెట్టి స్ట్రీట్‌లోనో గోవిందప్ప నాయకన్ స్ట్రీట్‌లోనో మూట మోసేవాళ్ల మధ్య ఒదిగి నడుస్తున్నప్పుడు ఈ సందుల్లో ఒకప్పుడు కర్ర పట్టి కావలి తిరిగిన మనుషులు ఉండేవారని ఎవరికీ తట్టదు.

ఈ సందుల్లో కర్ర తిప్పడం తేలిక కాదు. సిలంబం కర్రను నేలమీద నిలబెడితే పట్టినవాడి నుదుటి దాకా రావాలి. అంత కర్రను మా సందులో తిప్పితే ఒక కొస కరెంటు తీగకూ, రెండో కొస ఎదుటింటి కిటికీకీ తగులుతుంది. అందుకే మిద్దె ఎక్కాం. మిద్దె మీద కూడా నీళ్ల ట్యాంకులు, బట్టలారేసే తీగలు ఉంటాయి గనుక చిన్నపిల్లలకు మొదట కర్ర ఇవ్వను. సుద్దముక్కతో నేలమీద గుర్తులు గీసి, చేతులు నడుముకు ఆనించి అడుగులు వేయమంటాను. ముందుకు ఒకటి, పక్కకు ఒకటి, తిరిగి వెనక్కి. మడమ నేలకు ఆనించి నిలబడితే ఆ అడుగు లెక్కలోకి రాదు. అడుగు మారినప్పుడల్లా నడుము తిరగాలి. నడుముతో పాటు భుజం, భుజంతో పాటు చెయ్యి. ఇది ఒంటబట్టాకే కర్ర. అప్పుడు తిరిగే కర్ర గాలిలో ఒక శబ్దం చేస్తుంది. బుస్సుమని ఒకే తీరుగా వినిపిస్తే చెయ్యి కుదిరినట్టు. మధ్యలో తెగుతూ వినిపిస్తే మణికట్టు బిగుసుకున్నట్టు. కళ్లు మూసుకుని కూర్చున్నా ఎవరి చెయ్యి ఎక్కడ ఆగుతోందో చెప్పేయవచ్చు.

వేర్వేరు విద్యలు కలిపి నేర్పడం మీద నాకున్న అభిప్రాయమంతా ఈ మిద్దె మీద ఏర్పడిందే.

కరాటే నేర్చుకుని మా దగ్గరికి వచ్చిన పిల్లల నిలకడ చక్కగా ఉంటుంది. ముందుకాలు వంచి బలంగా నిలబడతారు. గుద్దు సూటిగా పోతుంది. కర్ర ఇవ్వగానే మాత్రం పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఎదుటి కర్ర కొస ఎంత దూరం నుంచి వస్తుందో వాళ్ల కంటికి అందదు. గుద్దు వచ్చే దూరానికి వాళ్ల కళ్లు అలవాటు పడ్డాయి. అదే సిలంబంతో మొదలుపెట్టిన పిల్లలకు దూరం బాగా తెలుసు. అరడుగు వెనక్కి జరిగి దెబ్బ తప్పించుకోవడం వాళ్లకు ఊపిరి పీల్చినంత సహజం. వాళ్లను బాక్సింగ్ గ్లవ్స్ వేసి దగ్గరగా నిలబెడితే ఇబ్బంది మొదలవుతుంది. కర్ర నడుము దగ్గర పట్టుకున్న అలవాటు వల్ల చేతులు కిందకే జారతాయి, మొహం ఖాళీగా ఉంటుంది. ఇక కుస్తీ, జూడో పిల్లలు. వాళ్లకు పట్టు దొరికితే చాలు, ఎదుటివాడు ఎంత బరువున్నా కంగారు పడరు. ఆ పట్టు దాకా చేరడానికి మధ్యలో ఉన్న జాగా ఎలా దాటాలన్నదే వాళ్ల సమస్య. ఏ విద్యకు ఆ విద్య ఒంటికి ఒక తెలివి ఇస్తుంది, ఇంకొక చోట కళ్లు మూస్తుంది. రెండో విద్య నేర్చుకున్నప్పుడే మొదటిది ఎక్కడ కళ్లు మూసిందో తెలుస్తుంది.

అలాగని అన్నీ ఒకేసారి నేర్పకూడదు. సోమవారం కరాటే, మంగళవారం తైక్వాండో, బుధవారం కిక్ బాక్సింగ్ అని పట్టిక వేసుకుని పిల్లలను తిప్పే తల్లిదండ్రులు మా పేటలోనూ ఉన్నారు. డబ్బు పెడుతున్నారు, శ్రద్ధగా తీసుకొచ్చి దింపుతున్నారు, వాళ్ల ప్రేమను తప్పు పట్టను. కానీ ఒంటికి ఒక నడక అబ్బకముందే ఇంకొక నడక చెబితే రెండూ నిలవవు. మొదటి రెండు మూడేళ్లు ఒకే విద్య, ఒకే మాస్టారు. ఆ తర్వాత దానికి పూర్తిగా ఎదురు తీరున్న విద్య రెండోది. కర్ర నేర్చినవాడికి కుస్తీయో జూడోయో ఇవ్వాలి. కరాటే వచ్చినవాడికి కర్ర ఇవ్వాలి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి రెండు నేర్పితే బెల్టులు పెరుగుతాయి గాని ఒంటికి కొత్త తెలివి రాదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ వరుస పాటించను. ఏ విద్యతో మొదలుపెట్టినా సరే, పడటం నేర్పడం ముందు. జూడోలో దాన్ని ఉకెమి అంటారు. గడ్డం గుండెకు ఆనించాలి, తల నేలకు తగలకుండా వీపు గుండ్రంగా చేయాలి, నేల తగిలే క్షణంలో అరచెయ్యి నుంచి మోచెయ్యి దాకా చాపను చరచాలి. మా మిద్దె మీద నేర్చుకున్నవాళ్లలో జీవితంలో ఎవరినైనా కొట్టాల్సి వచ్చేవాళ్లు చాలా తక్కువ మంది ఉంటారు. పడనివాళ్లు ఒక్కరూ ఉండరు. స్నానాల గదిలో జారతారు, బండి మీద నుంచి పడతారు, వానలో మా సందు మెట్ల మీద పడతారు. ఒక తల్లి నన్ను అడిగారు, “అమ్మాయికి ఈ కుస్తీలెందుకు మాస్టారూ?” అని. పడినా దెబ్బ తగలకుండా లేచే పిల్ల కావాలా వద్దా అమ్మా అన్నాను. ఇప్పుడు ఆవిడే రోజూ ముందొచ్చి చాపలు పరుస్తారు.

విద్యలు కలపడం పరాయి అలవాటని, మనవాళ్లు ఒక్కదానికే కట్టుబడేవారని అనేవాళ్లున్నారు. వాళ్లకు కృష్ణదేవరాయల పొద్దులు గుర్తు చేయాలి. 1520 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయెస్ రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడట. తర్వాత కత్తి పట్టి, తాగిన నూనె అంతా చెమటై కారిపోయేదాకా సాము చేసేవాడట. ఆ పైన తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడట. అది అయ్యాక గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో స్వారీ. బరువు, కత్తి, కుస్తీ, స్వారీ, అన్నీ ఒకే మనిషి, ఒకే పొద్దు. ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చిన ఫెర్నావో నూనిజ్ అక్కడి కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారని, కత్తి డాలు పట్టే ఆడవాళ్లున్నారని కూడా రాశాడు. అమ్మాయిలకు సాము ఎందుకని అడిగినవారికి నేను ఇదే చెబుతాను.

దగ్గరి కాలానికి వస్తే కోడి రామ్మూర్తి నాయుడు గారు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, కుస్తీ, సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వెళ్లి వ్యాయామోపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ పెట్టారు. ఆయన గుండె మీద ఏనుగును నిలబెట్టుకోవడమే జనం చెప్పుకుంటారు. ఆ బలం వెనక ప్రాణాయామం ఉంది. వాయుస్తంభన, జలస్తంభన అభ్యాసం ఉంది. గోదాలో నేర్చిన పట్టు, కాలేజీలో నేర్చిన వ్యాయామశాస్త్రం, యోగంలో నేర్చిన ఊపిరి మూడూ ఒక్క ఒంట్లో కలిశాయి. అందులో ఒక భాగం మద్రాసు ఇచ్చింది. ఇక్కడి తెలుగువాడిగా నాకది గర్వం.

రామ్మూర్తి గారు పుట్టిన ఆ 1882లోనే టోక్యోలోని ఎయిషోజి గుడిలో జిగోరో కానో అనే యువకుడు 12 చాపల జాగాలో కోడోకాన్ మొదలుపెట్టాడు. ఆయన రెండు పాత జుజుత్సు సంప్రదాయాలు నేర్చినవాడు. రెంటిలోనూ ప్రాణం మీదికి తెచ్చే పట్లు ఉన్నాయి. వాటిని పారేయలేదు, కటా అనే స్థిరమైన కదలికల వరుసల రూపంలో భద్రపరిచాడు. పిల్లలు పూర్తి బలంతో సాధన చేయడానికి మాత్రం ప్రమాదం లేని పట్లనే ఏరి ఉంచాడు. అలా పుట్టిన జూడో 1964లో ఒలింపిక్స్‌కు చేరింది. మన కర్రసాముకు కావలసిన మనిషి అలాంటివాడే. ఒలింపిక్స్ మాట అలా ఉంచండి. పాత పట్టు పోకుండా దాచి, పిల్లలకు పనికొచ్చే పట్టును వేరుచేసి చూపించే మనిషి ఒక్కరు దొరికినా చాలు.

ఇప్పుడు మా తమిళ సోదరులు ఏం చేశారో చూడండి. సిలంబానికీ మన కర్రసాముకూ మూలం ఒకటేనా కాదా అన్న వాదనలోకి నేను పోను. పక్కపక్కన చేయించి చూస్తే చుట్టరికం కళ్లకు కనిపిస్తుంది, అంతవరకే చెబుతాను. సిలంబం కూడా ఊరి జాతరలో, పొంగల్ పండగలో ఉన్న విద్యే. వాళ్లు దానికి పోటీ నియమాలు రాసుకున్నారు. ఎదుటివాడి ఒంటికి కర్ర తాకితే పాయింటు. వయసును బట్టి, బరువును బట్టి విభాగాలు పెట్టుకున్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడాకారులకిచ్చే 3 శాతం కోటాలో సిలంబాన్ని చేర్చింది. 2024 జనవరిలో ఖేలో ఇండియా యువజన క్రీడలు చెన్నై, మదురై, తిరుచ్చి, కోయంబత్తూరుల్లో జరిగినప్పుడు సిలంబం ప్రదర్శన క్రీడగా బరిలో దిగింది. అంతకుముందే, 2020 డిసెంబరులో, కేంద్ర క్రీడల శాఖ పంజాబ్ గత్కాను, కేరళ కలరిపయట్టును, మణిపూర్ థాంగ్-తాను, మల్లఖంబాన్ని ఖేలో ఇండియాలోకి తీసుకుంది. ఆ జాబితా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అందులో తెలుగు నేల పేరు లేదు.

మన దగ్గర విద్య లేక కాదు. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా చూసినవారెవరూ ఆ మాట అనరు. 19వ శతాబ్దం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. ఊరేగింపులో కుర్రాళ్లు కర్రలు, కత్తులు, బల్లేలు తిప్పుతారు. కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటిమీద పెట్టిన కాయను కత్తితో నరుకుతారు. కింద పడుకున్నవాడికి గీత కూడా పడదు. ఆ చెయ్యి అలా ఆగాలంటే దాని వెనక ఎన్ని నెలల సాధన ఉండాలో సాము చేసినవాళ్లకు తెలుసు. ఉత్తరాంధ్రలో సాముగరిడీలు ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలింఖానాల మట్టి ఇంకా తడిగానే ఉంది.

మద్రాసు సినిమా స్టూడియోలు కూడా ఒక కాలంలో మనవాళ్లకు పెద్ద సాముశాలలే. విఠలాచార్య సినిమాల్లో కత్తి పట్టి కాంతారావు గారు ‘కత్తి కాంతారావు’ అయ్యారు. గుడియాత్తం నుంచి వచ్చిన జూడో రత్నం గారు తరాల హీరోలకు పట్లు నేర్పారు. సుమన్, భానుచందర్ గార్లు తెరమీద కరాటే చూపించాక ఊరూరా కుర్రాళ్లు తెల్లబట్టలు కుట్టించుకున్నారు. కారంచేడు నుంచి వచ్చిన రామ్-లక్ష్మణ్ సోదరులు ఇక్కడే ఫైటర్లుగా నలిగి ఫైట్ మాస్టర్లయ్యారు. వీళ్లెవరూ ఒక్క విద్యతో బతకలేదు. పొద్దున కర్ర, మధ్యాహ్నం జూడో, సాయంత్రం కత్తి అన్నట్టు అవసరం వాళ్లకు అన్నీ నేర్పింది.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. నేను చూసినంతలో, మన ఊరేగింపుల్లో కర్ర తిప్పడం మిగిలింది, కర్రతో కాచుకోవడం పోతోంది. ఊరేగింపుకు కావలసింది చూడముచ్చటైన వేగం. రెండు కర్రలు, నిప్పు కర్రలు, చప్పట్లు. ఎదురుగా మనిషి లేకుండా ఏళ్ల తరబడి తిప్పితే దెబ్బ ఎక్కడ పడాలో, ఎక్కడ ఆపాలో చెప్పే పాఠం మరుగున పడుతుంది. ఆ పాఠం ఇంకా తెలిసినవాళ్లు పెద్దవయసువాళ్లు. మా తాతగారిది నెల్లూరు వైపు. కర్రసాములో చెయ్యి తిరిగిన మనిషని మా నాయన చెప్పేవాడు. ఆయన తిప్పిన తీరు ఒక్కటీ మా ఇంట్లో ఎవరి చేతిలోనూ లేదు. నాకు వచ్చిన కర్ర తమిళ వాద్యార్ పెట్టిన భిక్ష. ఆయన పాదాలకు మొక్కుతాను. అయినా మా తాత అడుగు ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉంటుంది. తెలుసుకునే దారి లేదు. మీ 13,326 పంచాయతీల్లో ఎన్ని ఇళ్లలో ఇదే జరుగుతోందో.

అందుకే ముందు వీడియో, తర్వాతే పాఠ్యప్రణాళిక అంటున్నాను. ఈ వరుస తారుమారైతే మంచికి చేసినదే చేటు చేస్తుంది. ప్రభుత్వ గుర్తింపు రాగానే ఒక కమిటీ కూర్చుని, ఒక జిల్లా పద్ధతిని మాత్రమే అసలు కర్రసాముగా తేల్చి, మిగతా జిల్లాల తీరును తప్పుగా రాసేయడం జరగకూడదు. శ్రీకాకుళం వస్తాదు అడుగు, రాయలసీమ వస్తాదు అడుగు వేరు కావచ్చు. రెండూ నమోదవ్వాలి. పోటీ నియమాలు తర్వాత ఒకటి చేసుకోవచ్చు. శైలులు మాత్రం ఎన్ని ఉంటే అన్నీ ఉండాలి. పిల్లవాడు ఒక జిల్లా తీరు నేర్చుకుని ఇంకొక జిల్లాకు పోయి రెండోది నేర్చుకునే రోజు రావాలి.

ఉత్తర మద్రాసు బాక్సింగ్ ఇక్కడ ఒక హెచ్చరిక. 2021లో వచ్చిన ‘సార్పట్టా పరంబరై’ సినిమా చూసే ఉంటారు. 1970ల నాటి బాక్సింగ్ పరంపరల పౌరుషం అందులో ఉంది. 1980లో మహమ్మద్ అలీ స్వయంగా వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడిన ఊరు ఇది. ఇంత చరిత్ర ఉన్నా, పరంపర పేరు నిలబెట్టడమే సర్వస్వమైపోయిన చోట కుర్రవాడి బాగు రెండోదైపోతుంది. మా గురువు గొప్ప, మీ గురువు తక్కువ అనే మాట ఏ విద్యలోనైనా మొదలైందంటే అక్కడ తలుపులు మూసుకోవడమూ మొదలైనట్టే. బ్రూస్ లీ వింగ్ చున్‌తో మొదలుపెట్టి, బాక్సింగ్‌నూ కత్తిసాము అడుగునూ కలుపుకుని, 1967లో తన పద్ధతికి జీత్ కునే డో అని పేరు పెట్టుకున్నాడు. ఆయన చెప్పినదాంట్లో కుర్రాళ్లు దెబ్బలనే పట్టుకున్నారు. పనికొచ్చేది ఎవరి దగ్గరున్నా వినయంగా పోయి నేర్చుకోవడం అందులో అసలు భాగం.

బెల్టుల సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. మూడు నెలలకొక పరీక్ష, పరీక్షకొక ఫీజు, ఫీజు కట్టిన ప్రతివాడికీ రంగు మారిన బెల్టు. ఒక శిక్షణ కేంద్రం నుంచి బ్రౌన్ బెల్టుతో మా దగ్గరికి వచ్చిన కుర్రవాడికి వెనక్కి పడటం రాదు. పడేసరికి తల నేలకు కొట్టుకోబోయింది, పక్కనున్న అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వాడు చెప్పినదంతా చేశాడు. కర్రసాముకు రేపు మీరు గుర్తింపు తెస్తే, ఈ బెల్టుల వ్యాపారం దాని మీద వాలకుండా చూడాలి. పరీక్ష పెట్టేది నేర్పినవాడు కాకుండా వేరే జిల్లా వస్తాదు అయితే సగం జబ్బు నయమవుతుంది. పిల్లలకు నేర్పే ప్రతి మనిషి పూర్వాపరాలు పోలీసు ద్వారా సరిచూడాలి. అమ్మాయిలున్న చోట ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు తలమీద దెబ్బ పడే ఏ పోటీనీ అనుమతించకూడదు. ఇవి ఖర్చుతో పనిలేని నియమాలు.

పెద్ద ఖర్చు వస్తాదు గౌరవవేతనం ఒక్కటే. వెదురు ఊళ్లోనే దొరుకుతుంది. మైదానం ఉంది. జూడోకు చాపలు మండలానికొక జత కొన్నా, బళ్ల మధ్య తిప్పుకోవచ్చు. రాయలసీమ నుంచి ఒకటి, కోస్తా నుంచి ఒకటి, ఉత్తరాంధ్ర నుంచి ఒకటి, మూడు మండలాలు తీసుకుని ఒక విద్యాసంవత్సరం నడిపి చూడండి. ఏడాది చివర ఆ పిల్లలను ఎవరైనా వచ్చి పరీక్షించవచ్చు. పడటం వచ్చిందా, అడుగు కదులుతోందా, దెబ్బను కాచుకుంటున్నారా, ఎదుటివాడికి తగిలినప్పుడు కర్ర ఆపి చెయ్యి అందిస్తున్నారా అని చూస్తే చాలు. బడి మానేసే పిల్లలు ఆ మండలాల్లో తగ్గారో లేదో కూడా లెక్క చూడండి. తగ్గుతారనే నా నమ్మకం. పొద్దున్నే మైదానంలో ఎదురుచూసే మనిషి ఒకరుంటే పిల్లవాడు మంచం దిగుతాడు.

మేము ఇక్కడి నుంచి చేయగలిగింది చేస్తాం. చెన్నైలో సిలంబం రెఫరీలుగా శిక్షణ పొందిన తెలుగు కుర్రాళ్లు ఉన్నారు. పోటీ నియమాలు రాసుకునేటప్పుడు వాళ్లను పిలిస్తే తమిళనాడు అనుభవమంతా, ఇక్కడ జరిగిన పొరపాట్లతో సహా, మీ ముందు పెడతారు. జూడోలో పడటం నేర్పడానికి మా మిద్దె మీద తయారైన అమ్మాయిలు సెలవుల్లో ఏ మండలానికి రమ్మన్నా వస్తారు. బదులుగా మాకొకటి కావాలి. మీరు గుర్తించిన వస్తాదుల్లో ఒకరిద్దరిని ఏడాదికొక నెల చెన్నై తెలుగు బళ్లకు పంపండి. ఇక్కడి తెలుగు పిల్లలు తమిళ కర్ర ఎంతో ప్రేమగా నేర్చుకున్నారు. పక్కనే తెలుగు కర్ర కూడా పట్టుకోవాలని వాళ్లకుంది.

గ్రామసభలో ఆ ప్రశ్న అడిగించే రోజున, ఊరి పెద్దలతో పాటు ముసలి ఆడవాళ్లను కూడా అడగమని చెప్పండి. ఏ ఇంటి తాత కర్ర పట్టేవాడో, ఏ పీర్ల పండక్కి ఎవరు కత్తి తిప్పారో, ఎవరి అటక మీద పాత గద ఉందో వాళ్లకే బాగా గుర్తుంటుంది. ఎండాకాలం సెలవుల లోపు ఆ పేర్లు చేతికొస్తే జూన్‌లో బళ్లు తెరిచేనాటికి మొదటి మూడు మండలాల్లో పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
మింట్ స్ట్రీట్ దగ్గర పిల్లలకు సాము నేర్పే ఒక తెలుగు మాస్టారు,
సౌకార్‌పేట, చెన్నై